పావు మైలు పరిగెత్తిన కారు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

మార్కాపురం నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ ఎపిసోడ్ అంతా అమెరికా డ్రాగ్ రేసు కార్ల గురించి. మార్కాపురం వాడికి వాటితో ఏం పనిరా అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. పని ఉంది.

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి కదా, ఆ వీడియోలు మీ ఫోన్లో ఎన్ని చూసుంటారో లెక్క లేదు. వాటి కింద ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. "అన్నా, ఆ జత ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" చిన్న ప్రశ్నే, జవాబు మాత్రం కష్టం. ఎందుకంటే రెండు పళ్ల విభాగంలో మనం చూసిన గిత్త, ఆరు పళ్లకు వచ్చేసరికి ఇంకో ఊళ్లో, ఇంకో యజమాని దగ్గర, ఇంకో జోడీతో లాగుతుంటుంది. జత విడిపోయాక దాన్ని పాత జత అనాలా, వద్దా? ఒకటి అక్కడుంది, ఒకటి ఇక్కడుంది. మరి ఫస్ట్ ప్రైజ్ కొట్టింది ఏది?

పాత డ్రాగ్ రేసు కారును వెతికేవాళ్లది సరిగ్గా ఇదే బాధ.

ముందు ఆ రేసు ఏంటో చెప్తా. డ్రాగ్ అంటే లాగడం అనే అర్థం ఉంది గానీ, అక్కడ బండ ఏమీ ఉండదు. సూటిగా ఉన్న రోడ్డు, పక్కపక్కన రెండు కార్లు, నిలబడ్డ చోటు నుంచి మొదలు. పావు మైలు, అంటే 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. ముందు ఎవరు దాటితే వాళ్లే గెలిచినట్టు. మలుపులు లేవు, రెండో రౌండ్ లేదు. మన పోటీలో టైం ఫిక్స్, ఎన్ని అడుగులు లాగాయన్నది లెక్క. అక్కడ అడుగులు ఫిక్స్, ఎన్ని సెకన్లన్నది లెక్క. అంతే తేడా అంటే డ్రాగ్ రేసర్లు ఒప్పుకోరేమో, మన రైతులు మాత్రం ఒప్పుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇది ఊపందుకుంది. యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్లకు మెకానిక్ పని తెలుసు, పాత కార్లు చవక, రన్‌వేలు ఖాళీగా ఉన్నాయి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో ఎయిర్‌పోర్టు రన్‌వే మీద టికెట్ పెట్టి రేసులు నడిపారు. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. మనకు దగ్గర్లోనూ ఇలాంటి కథ ఒకటుంది. నెల్లూరు మీదుగా చెన్నై పోయేటప్పుడు సిటీకి ముందే షోలవరం వస్తుంది. అదీ యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్పే. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ మొదలైంది, ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో కారు రేసు అంటే షోలవరమే. మన లారీ డ్రైవర్లు ఎన్నిసార్లు ఆ పక్క నుంచి పోయుంటారో.

సరే, అసలు విషయం. ఈ కార్లు ఎందుకు మాయమైపోతాయి?

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. వందేళ్లు దాటినా నిలబడే ఉంది. ఎందుకంటారు? అది ఊరేగింపు కారు, దాని పనే మెల్లగా పోవడం. మళ్లీ దాన్ని ఎవరూ కోయలేదు, అతకలేదు. రేసు కారుకు ఆ అదృష్టం లేదు. గెలవాలంటే ప్రతి సీజన్‌కూ ఏదో ఒకటి మార్చాల్సిందే. ఈ ఏడు గెలిచిన కారు వచ్చే ఏటికి పాతది. అప్పుడేం చేస్తారు? ఇంజిన్ ఊడదీసి కొత్త కారులో పెట్టుకుంటారు. ఇంజిన్ లేని ఛాసిస్‌ను ఇంకో కుర్రాడికి అమ్మేస్తారు. ఆ కుర్రాడు దాన్ని పొడుగు చేస్తాడో, పొట్టి చేస్తాడో, తన పేరు రాయించి వేరే రంగు కొడతాడో. ముగ్గురు నలుగురు చేతులు మారాక ఏదో షెడ్డు వెనకాల ఇనప గొట్టాల కుప్ప. ఆ కుప్ప ఒకప్పుడు ఏ కారో చెప్పేదెవరు?

ఇంకోటి. ఆ రేసుల్లో కారు ఏ క్లాసు, ఏ నంబరు అన్నది అద్దం మీద తెల్ల షూ పాలిష్‌తో రాసేవాళ్లు. రేసు అయిపోగానే తుడిచేయడమే. మార్కాపురం పలక గుర్తొచ్చింది నాకు. రాయడానికి ఎంత బాగుంటుందో, చెరపడానికీ అంతే బాగుంటుంది.

అందుకే వెతికేవాళ్లు రంగునూ బొమ్మనూ నమ్మరు. పైకి కనిపించేదంతా మారిపోయే సరుకే. మారడానికి కష్టమైనవి ఏవో వాటినే చూస్తారు. గొట్టాలను ఎక్కడ అతికారు, వెల్డింగ్ చేసిన చేయి ఎవరిది, ఇంజిన్ బిగించడానికి వేసిన రంధ్రాలు ఎక్కడున్నాయి, పూడ్చేసిన పాత రంధ్రాలు ఏమైనా ఉన్నాయా. రంగు పొరలు గీకితే కింద పాత అక్షరాలు బయటపడతాయేమో. తర్వాత పాత ఫొటోలు ముందేసుకుని, ఈ బ్రాకెట్ అప్పుడు ఇక్కడే ఉందా అని ఒక్కొక్కటీ పోల్చుకుంటారు. రేసు అయ్యాక చేతికిచ్చే టైం స్లిప్, అమ్మినప్పుడు రాసుకున్న కాగితం, ఇవి దొరికితే పండగే. ఈ కష్టం ఎందుకంటే, ఒక పేరున్న కారుకు అచ్చం అలాంటిదే ఇంకోటి కొత్తగా చేయించడం పెద్ద పనేం కాదు. సరదాకు చేసి, "ఇది కాపీ" అని చెప్తే గొడవే లేదు. చెప్పకుండా అసలు రేటుకు అమ్మితే, కొన్నవాడి డబ్బూ పోతుంది, చరిత్రా కలుషితమవుతుంది.

మరి కార్ల ఆచూకీ పోకుండా ఎవరైనా చూసుకున్నారా అంటే, ఒకాయన ఉన్నాడు. డాన్ గార్లిట్స్. 1932లో పుట్టాడు, ఫ్లోరిడాలోని టాంపా మనిషి. డ్రాగ్ రేసింగ్ అంతా అప్పట్లో కాలిఫోర్నియా వాళ్ల రాజ్యం. 1957లో ఈయన ఫ్లోరిడాలో గంటకు 176.40 మైళ్ల స్పీడు కొట్టాడంటే అక్కడివాళ్లు నమ్మలేదు, వెటకారం చేశారు. చిత్తడి నేలల ఎలుక, స్వాంప్ రాట్ అన్న మాట అట్లా ఆయనకు అంటుకుంది. ఈయన ఏం చేశాడంటే, ఆ పేరునే కారుకు పెట్టుకున్నాడు! స్వాంప్ రాట్ 1. తర్వాత కారు 2, ఆ తర్వాత 3. ముప్పై దాటి పోయాయి నంబర్లు. 1964లో న్యూజెర్సీలో 201.34 మైళ్లు, అంటే గంటకు 324 కిలోమీటర్లు. 1975లో 250 మైళ్లు దాటాడు.

నాకు ఇందులో స్పీడు కన్నా ఆ నంబర్లే పెద్ద విషయం. రేసర్లు చాలామంది కారుకు స్పాన్సర్ పేరు పెట్టుకుంటారు, స్పాన్సర్ మారితే పేరూ మారుతుంది. ఈయన కార్లకు స్పాన్సర్ ఎవరైనా సరే, లోపల ఒక వరస నంబరు ఉంది. ఫలానా రోజు, ఫలానా ఊళ్లో నడిచింది ఏ కారు అంటే చెప్పొచ్చు.

ఆ వరసలో 13, 14 గురించి చెప్పకుండా పోలేను. అప్పట్లో ఈ పొడుగాటి డ్రాగ్‌స్టర్లలో ఇంజిన్ ముందు, డ్రైవర్ వెనక. ఎంత వెనక అంటే వెనక చక్రాల ఇరుసు కన్నా వెనక. ఉండేలులో రాయి పెట్టినట్టు ఉంటాడని వాటిని స్లింగ్‌షాట్ అనేవాళ్లు. అంటే క్లచ్, ట్రాన్స్‌మిషన్ అన్నీ కాళ్ల దగ్గర, నైట్రోమీథేన్ తాగే ఇంజిన్ మొహం ముందు. ఆయిల్ కారినా, మంట లేచినా నేరుగా డ్రైవర్ మీదికే. 1959లోనే గార్లిట్స్ చేతులు ఘోరంగా కాలాయి.

1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ఫైనల్. పచ్చ లైటు పడింది, కారు కదిలింది, ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కారు అక్కడికక్కడే రెండు ముక్కలైంది. గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. చూడ్డానికి వచ్చిన ఒక కుర్రాడి చేతికి కూడా తీవ్రమైన గాయమైంది. అది స్వాంప్ రాట్ 13. పదమూడు మంచి నంబరు కాదని వాళ్లకూ ఒక నమ్మకం ఉందిలెండి, ఆ చర్చలోకి నేను పోను.

ఆస్పత్రి మంచం మీదే కొత్త కారు ఆలోచన మొదలైంది. ఇంజిన్ వెనక్కి, మనిషి ముందుకి. ఇది ఆయన మొదటిసారి కనిపెట్టింది కాదు, ఇంతకుముందే కొందరు ప్రయత్నించారు. కానీ ఆ కార్లు సూటిగా పోవు, గోడకు కొడతాయి అని చెడ్డపేరు ఉంది. గార్లిట్స్ టీంకూ మొదట అదే అయ్యింది, స్పీడు పెరగ్గానే కారు అటూ ఇటూ కొట్టుకునేది. చివరికి తేలిందేంటంటే లోపం ఇంజిన్ ఉన్న చోటులో లేదు, స్టీరింగ్‌లో ఉంది. ముందు కూర్చున్నవాడికి కారు తోక తిరగడం ఆలస్యంగా తెలుస్తుంది, దాంతో స్టీరింగ్ ఎక్కువ తిప్పేస్తాడు. స్టీరింగ్ రేషియో మార్చి, ఎంత తిప్పినా చక్రం కొంచెమే తిరిగేలా చేశారు. కారు తాడు పట్టినట్టు సూటిగా పోయింది. 1971 మొదట్లో పొమోనాలో వింటర్‌నేషనల్స్‌కు ఆ స్వాంప్ రాట్ 14 వచ్చింది, గెలిచింది. కొన్నేళ్లలోనే టాప్ ఫ్యూయెల్ క్లాసులో ముందు ఇంజిన్ కారు కనపడకుండా పోయింది. ఇప్పటికీ ఆ క్లాసులో డ్రైవర్ ముందు, ఇంజిన్ వెనక. ఎంతమంది ప్రాణాలు మిగిలాయో లెక్కపెట్టలేం.

ఇప్పుడు ఆ 14 ఎక్కడుందో తెలుసా? ఫ్లోరిడాలోని ఒకాలాలో. 1984లో గార్లిట్స్ అక్కడ సొంతంగా డ్రాగ్ రేసింగ్ మ్యూజియం తెరిచాడు. తన కార్లే కాదు, పోటీలో తనను ఓడించిన వాళ్ల కార్లు కూడా పెట్టాడు. ఆ పని నాకు చాలా నచ్చింది.

30వ నంబరు కథ ఇంకో రకం. 1986లో ముక్కు సన్నగా, డ్రైవర్ మీద విమానం మూత లాంటిది పెట్టి తయారుచేశాడు. గెయిన్స్‌విల్‌లో 272.56 మైళ్లు, దాదాపు 439 కిలోమీటర్ల స్పీడు. అదే ఏడాది న్యూజెర్సీలో దాని ముక్కు గాల్లోకి లేచి, కారు తోక మీద నిలబడి, వెనక్కి తిరిగి మళ్లీ చక్రాల మీదే దిగింది. ఆయనకు ఏమీ కాలేదు. 1987లో దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఇచ్చేశాడు. అంటే దేశం దాచుకునే వస్తువుల్లో అదొకటైంది.

మిగతా పాత కార్లలో దొరికినవాటికి ఇంకో దారి ఉంది. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ దగ్గర కాకిల్‌ఫెస్ట్ అని చేస్తారు. బాగుచేసిన పాత డ్రాగ్‌స్టర్లను ఇంకో బండితో నెట్టి స్టార్ట్ చేసి, వరసగా నిలబెట్టి ఇంజిన్లు మోగిస్తారు. రేసు ఉండదు, చప్పుడే. వాసనకు కళ్లమ్మట నీళ్లు కారుతుంటే జనం నవ్వుకుంటూ నిలబడతారు. ముసలి ఎద్దును తిరునాళ్లకు అలంకరించి తిప్పినట్టు.

మన దేశంలో అయితే ఇలాంటి కారు పరిస్థితి ఏంటి? 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్‌వీలర్లు, నంబర్ ప్లేటులో వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. అయితే ఒక షరతుంది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ లెక్కన నిజాం గారి రోల్స్ లాంటివి పాసవుతాయి. స్వాంప్ రాట్ మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే మార్పులే దాని ఒళ్లు. రూలు రాసినవాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల దృష్టి దొంగ మార్పుల మీద ఉంది. కానీ రేసు వాహనాలకు వేరే లైను ఒకటి ఉండాలని నా అభిప్రాయం. లేకపోతే షోలవరంలో పరిగెత్తిన బండ్లు మిగిలినవి కూడా తుక్కు లెక్కలోకే పోతాయి.

మీ ఇళ్లలో పాత జీపో, లారీయో, రాజ్‌దూతో ఉంటే ఒక పని చేయండి. ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, నంబరు అచ్చుపడుతుంది. ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లినవాళ్లకు ఈ పెన్సిల్ ప్రింట్ కొత్త కాదు. పాత ఆర్సీ పుస్తకం, ఎవరి దగ్గర కొన్నారో ఆ కాగితం, బండి పక్కన తాత నిలబడ్డ ఫొటో, అన్నీ ఒకే కవర్లో పెట్టండి. ఫొటో వెనక ఊరు, సంవత్సరం రాయండి. ఎడ్ల జతలు ఉన్నవాళ్లు కూడా అంతే, వీడియో పెట్టేటప్పుడు గిత్త పేరు, ఎవరి దగ్గర కొన్నారు, తేదీ, ఎన్ని అడుగులు లాగింది, ఇవి కింద రాయండి. నేనూ నా పాత వీడియోల కింద ఆ వివరాలు ఒక్కొక్కటిగా చేరుస్తున్నాను, గిద్దలూరు వైపువి ముందు మొదలుపెట్టాను. మీకు తెలిసినవి ఉంటే పంపండి. ఉంటానండి.