ఓడినవారు వేసిన బాట

తూర్పుకనుమలలో, ఒడిశా సరిహద్దు నానుకొని ముంచింగిపుట్టు మండలము కలదు. ఈ ప్రాంతమున ‘పుట్టు’ అను పదముతో ముగియు గ్రామనామములు మెండు. కోదులు, పోర్జలు, గదబలు, కొండదొరలు మున్నగు గిరిజనుల నివాసమిది. పలు గూడెములలో ఇంట మాటాడునది ఆదివాసీ ఒరియా, బడిలో చదువునది తెలుగు, పై చదువులలో ఇంగ్లీషు. ఇట్టి గూడెమునుండి యొక బాలిక వెడలి, వసతిగృహమున నుండి కళాశాలలో చదువుట మునుపు మిక్కిలి యరుదు. నే డట్టి బాలికలు కలరు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని చదువు చెప్పవలసినవాడే ఆ బాలికను చెడుచూపు చూచినచో, తోడి విద్యార్థి వెంటబడి పీడించినచో, లేక ఆ కళాశాలలోనే పనిచేయు స్త్రీని పై యధికారి వేధించినచో, ఆమె యెవరితో చెప్పుకొనవలెను? ఏ భాషలో చెప్పుకొనవలెను? చెప్పుకొన్న పిమ్మట ఆమె చదువును, ఉద్యోగమును, గౌరవమును కాపాడువా రెవరు? ఈ ప్రశ్నల చరిత్రను చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిరి. ఆడుపిల్లకు చదువేల యని జనులు వాదులాడిన కాలమది. తలుపు తెరచుట యొక సంస్కారము. తెరచిన తలుపులో భయము లేకుండ జేయుట రెండవ సంస్కారము. మొదటిదానికై మన పెద్దలు నిందలు పడి పాటుపడిరి. రెండవదానిని మనము చాలకాలము మరచితిమి. ఏల మరచితిమి? ఆ బాధకు పేరు లేకుండుటయే యొక కారణమని మాకు తోచుచున్నది. దానిని ‘అల్లరి’ యంటిమి, ‘కుర్రతనము’ అంటిమి, ‘ఆమె నడత’ యంటిమి. పేరు లేని రోగమునకు మందు వెదకువా రుండరు గదా!

పేరు పెట్టబడినది కూడ నొక విద్యాస్థానమునందే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఉద్యోగము చేయుచుండిన కార్మీటా వుడ్ అను నామె, పై యధికారి చేష్టలకు తాళలేక పని మానుకొని, నిరుద్యోగ భృతి నిండని కోరెను. స్వంత కారణములచే మానితివి గావున ఇయ్యమనిరి. 1975లో ఆమెకు తోడ్పడ వచ్చిన స్త్రీలు ఈ బాధను ‘లైంగిక వేధింపు’ అను నర్థమిచ్చు మాటతో లోకమునకు ఎరుకపరచిరి. 1977లో యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థినులు తమ విద్యాలయముమీదనే వ్యాజ్యెము వేసిరి; 1980లో పై న్యాయస్థానమునందును ఓడిపోయిరి. అయినను, విద్యార్థినుల ఫిర్యాదులు వినుటకు ఒక పద్ధతిని ఆ విశ్వవిద్యాలయము ఏర్పరుపక తప్పలేదు. ఓడినవారు వేసిన బాటపై ఇతరులు నడచిరి.

మన దేశమునను కథ యిట్లే సాగినది. రాజస్థానములోని భటేరీ గ్రామమున భన్వరీదేవి ప్రభుత్వ స్త్రీసంక్షేమ కార్యకర్తగా నుండి, యొక శిశువివాహము నాప యత్నించెను. అందులకు పగబట్టినవారు 1992లో తనపై అత్యాచారము చేసిరని ఆమె ఫిర్యాదు చేసెను. 1995లో క్రింది న్యాయస్థానము నిందితులను ఆ నేరమునుండి విడిచిపెట్టెను. పనిచేయుచోట స్త్రీకి రక్షణ యేదీ యని స్త్రీసంఘములు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 1997 ఆగస్టు 13న విశాఖా తీర్పు వెలువడెను. పనిచేయు ప్రతిచోట ఫిర్యాదుల కమిటీ యుండవలెననియు, దానికి స్త్రీయే అధ్యక్షత వహింపవలెననియు, బయటి సంస్థవారొక రందుండవలెననియు న్యాయస్థానము శాసించెను. ఆ తీర్పునకు చట్టరూపము కలుగుటకు మరి 16 ఏండ్లు పట్టెను.

ఇది దూరదేశపు కథ యని మనము నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ముంచింగిపుట్టు వలెనే పాడేరు మన్యమునకు చెందిన జి.మాడుగుల మండలమున వాకపల్లి యను గూడెము కలదు. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారము చేసిరని ఆ గూడెపు కోదు స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేసిరి. విచారణ మొదలగుటకే పదేండ్లు పట్టెను. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టి, దర్యాప్తు చేసిన యధికారుల లోపములను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహార మిమ్మని ఆజ్ఞాపించెను. ఇది కళాశాల వ్యవహారము కాదు. అయినను కొండలలోని స్త్రీ నోరు విప్పినప్పుడు, ఆ దినముననే ఆమె మాటను శ్రద్ధగా వ్రాసికొని, సాక్ష్యమును భద్రపరచువారు లేనిచో, పదునాఱేండ్ల పిమ్మట సత్యమేదో తేల్చుట యెవరితరము? ఈ పాఠము కళాశాలలకును వర్తించును.

2013లో పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టము వచ్చెను. 2016 మే 2న విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి నిబంధనలు ప్రకటితము లయ్యెను. వీని ప్రకారము ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను అంతర్గత ఫిర్యాదుల కమిటీ యుండవలెను. అందు అధ్యాపకులు, ఇతరోద్యోగులు, విద్యార్థుల వ్యవహారమైనచో విద్యార్థి ప్రతినిధులు ముగ్గురు, బయటివారొకరు ఉందురు. సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెను. ఉపాధ్యక్షులు, శాఖాధిపతులు మున్నగు పెద్దయధికారు లందు చేరరాదు. ఫిర్యాదు మూడు నెలలలో నీయవలెను; తగిన కారణమున్న మరి మూడు నెలల గడువు దొరకును. విచారణ 90 దినములలో ముగియవలెను. బాధితురాలు వ్రాయలేనిచో వ్రాయుటకు తోడ్పడుట కమిటీవారి విధి. విచారణ జరుగునప్పుడు ఆమెకు మూడు నెలలవరకు సెలవు ఇప్పింపవచ్చును; నిందితుడు ఆమె పరీక్షపత్రములు దిద్దకుండ జేయవచ్చును. ఆమె పేరు వెల్లడించుట నిషిద్ధము. కొందరు బాలురును, తృతీయలింగ విద్యార్థులును ఇట్టి బాధకు లోనగుదురని ఆ నిబంధనలు గుర్తించినవి.

చిన్న సంస్థల మాటయేమి? పదిమందికి తక్కువ ఉద్యోగులున్నచోటను, యజమానియే నిందితుడైనచోటను, జిల్లాలోని స్థానిక కమిటీ ఫిర్యాదును వినవలెను. మన్యపు స్త్రీ జిల్లాకేంద్రమునకు పోలేదని యెరిగియే కాబోలు, గిరిజన ప్రాంతములలో ప్రతి తాలూకాకు, ప్రతి బ్లాకునకు ఒక నోడల్ అధికారి యుండి, ఫిర్యాదు నందుకొని ఏడు దినములలో ఆ కమిటీకి పంపవలెనని 2013 చట్టపు 6వ విభాగము చెప్పుచున్నది. బాలికకు 18 ఏండ్లు నిండనిచో 2012 నాటి బాలల రక్షణ చట్టము వర్తించును. సంగతి తెలిసిన ప్రతివారును, ఉపాధ్యాయుడు మొదలుగా, పోలీసులకు తెలుపవలసినదే. బాధితురాలు గిరిజన స్త్రీయై, నిందితుడు షెడ్యూల్డు కులములకుగాని తెగలకుగాని చెందనివాడైనచో 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమును వర్తించును. స్త్రీలకును, గిరిజనులకును ఆదాయముతో పనిలేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. దాని ఫోను 15100. స్త్రీలకు 181, బాలలకు 1098, ఆపదలో 112, మనోవ్యథకు 14416 అను సంఖ్యలు కలవు. ఈ సంఖ్యలు వసతిగృహపు గోడమీద, పిల్ల లెరిగిన భాషలో వ్రాసియుండవలెను. ఫోను పలుకని గూడెములకు మాత్రము నమ్మదగిన మనిషియే దిక్కు.

కమిటీ పేరునకుండిన చాలదు. గోవా విశ్వవిద్యాలయమున విద్యార్థినుల ఫిర్యాదుపై ఒక ఆచార్యుని తొలగింపగా, విచారణ తొందరపాటున జరిగినదనియు, అతనికి తగిన యవకాశ మీయలేదనియు 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దుపరచి, మరల విచారింపుమని పంపెను. పనినేర్వని కమిటీ నిందితునికేగాక, ఫిర్యాదు చేసిన పిల్లలకును అన్యాయము చేయును. వారు పడిన శ్రమయంతయు మొదటికి వచ్చును. దేశమంతట కమిటీలు సరిగా నున్నవో లేవో పరిశీలింపుడని న్యాయస్థానము అప్పుడే ప్రభుత్వముల నాజ్ఞాపించి, 2024 డిసెంబరు 3న మరికొన్ని ఉత్తరువులు చేసెను. చట్టము వచ్చి పదేండ్లు దాటినను ఇట్లు తట్టిలేపవలసి వచ్చుట మనకు సిగ్గుచేటు.

పరుల తప్పులెన్నుచు మా తప్పు దాచుట న్యాయము కాదు. మేము ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో ఒక విద్యార్థిని మాతో ఇట్టి సంగతియొకటి చెప్పుకొనెను. మేము జాలిపడితిమి, పిమ్మట, “ఈ మాట బయటపడిన నీ చదువు మాన్పింతురమ్మా, ఓర్చుకొనుము” అని హితవు చెప్పితిమి. ఆమె ఓర్చుకొనలేదు; ఆ యేడే చదువు మానినది. ఆమె చదువు మాన్పినది మా హితవే యని తెలిసికొనుటకు మాకు చాలకాలము పట్టినది. ఆనాడు మేము చేయవలసినది స్వల్పమే: ఆమె చెప్పినది వినుట, నమ్ముట, తేదీతో వ్రాసికొనుట, ఆమె యిష్టము తెలిసికొని వెంట నడచి వినవలసినవారి యొద్దకు గొనిపోవుట.

కావున గృహస్థులగు చదువరులను మేము కోరున దొకటి కలదు. మీ బిడ్డను కళాశాలలో చేర్పించునపుడు ఫీజు నడుగుడు, వసతి నడుగుడు, వానితోపాటు, “మీ ఫిర్యాదుల కమిటీలో నెవరున్నారు? వారి పేర్లు ఏ గోడమీద నున్నవి?” అనియు అడుగుడు. ఇంటికి వచ్చి బిడ్డ కన్నీరు పెట్టుకొన్నచో, “నీవేమి చేసితివి?” అని కాక, “నేనేమి చేయుదును?” అని యడుగుడు. మన యింటి పిల్లకై మనమడిగిన ప్రశ్న, అడుగుటకు తల్లిదండ్రులు రాలేని గూడెపు పిల్లకును కాపుదల యగును. కార్నెల్ ఉద్యోగినియు, భటేరీ కార్యకర్తయు, వాకపల్లి స్త్రీలును ఓడిరి. ముంచింగిపుట్టునుండి నేడు కళాశాలకు పోవు బాలిక తానును ఓడి మరియొకరికి బాట వేయవలసిన యవసరము లేకుండ జేయుటయే వారికి మనము తీర్పవలసిన ఋణము.