గానుగవారి శ్రేణి

ఒంటియెద్దుతో గానుగ ద్రిప్పి, పొరుగువారి నువ్వులాడి కూలి గొనువాఁడు సంఘమునఁ జేరిన నేమి లాభమని యడుగువారు గలరు. వారికి నేనొక రాగిరేకును జూపుదును.

స్కందగుప్త చక్రవర్తి కాలమున, క్రీ. శ. 465వ సంవత్సర ప్రాంతమున, దేవవిష్ణువను బ్రాహ్మణుఁడు ఇంద్రపురమందలి సూర్యాలయమున నిత్యదీపమునకై మూలధన మొసఁగెను. ఆ యూరు ఉత్తరప్రదేశమున బులందుశహరు జిల్లాలోనిది. మాళవమందలి ఇందూరు గాదు. ఆ ధనము నాతఁడు షాహుకారు చేతఁ బెట్టలేదు. జీవంతుఁడు పెద్దగా నున్న తైలికశ్రేణికి, అనఁగా గానుగవారి సంఘమునకు, నప్పగించెను. వారు రెండు పలముల నూనె యిచ్చుచుండవలెను; సూర్యచంద్రు లున్నంతవఱకు నని కట్టడి.

ఒక్క గానుగవానిని నమ్మి యెవ్వఁ డట్లిచ్చును? వాఁడు చచ్చును, ఎద్దు చచ్చును, కొడుకు వేఱు వృత్తిఁ బట్టును. శ్రేణి చావదు. శాసనమున మఱియొక మాట యున్నది: శ్రేణి యా తావు విడిచిపోయినను, ఐకమత్యముతో నున్నంతకాల మా సొత్తు శ్రేణిదే. ఊరు మాఱినను బరువు మాఱలేదన్నమాట! ఎంతటి నమ్మకము!

అయితే యీ మన్ననకు వెల గలదు. సంఘధనము నపహరించినవానిని, సమయము మీఱినవానిని సర్వస్వము గైకొని దేశమునుండి వెడలఁగొట్టవలెనని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. కఠినమే. కాని పదిమంది పరువు నొకఁ డమ్ముకొనుటకుఁ దక్కువ శిక్ష చాలదని వారు దలఁచిరి కాఁబోలు.

నా మట్టుకు నేను, చందా యెంత యని యడుగుటకు ముందు, ఆ సంఘమునఁ బెద్ద లెక్క చూపునా, కట్టుబాటు కలవానికిని లేనివానికిని నొక్కటియేనా యని యడుగుదును.