వైరాజ్యం అంటే ఏం రాజ్యం?

మొదటిసారి ఈ మాట కనబడినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. వైరాగ్యం అని ఉండాల్సింది, 'గ' బదులు 'జ' పడిందని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం కదా! కానీ ఈసారి తప్పు నాదే. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో ఈ మాట నిజంగానే ఉంది.

ఆ పుస్తకం మళ్ళీ వెలుగు చూసింది మన మైసూరులోనే. తంజావూరు వైపు పండితుడొకరు ఇచ్చిన గ్రంథలిపి తాళపత్రాలను ఓరియెంటల్ లైబ్రరీలో ఆర్. శామశాస్త్రిగారు 1905లో గుర్తుపట్టారు. 1909లో అచ్చయింది.

ద్వైరాజ్యం, వైరాజ్యం, ఈ రెండిట్లో ఏది ఎక్కువ చెడ్డది? అక్కడి చర్చ ఇది. ద్వైరాజ్యం అంటే ఇద్దరు కలిసి ఏలేది. వైరాజ్యం అంటే, రాజు బతికుండగానే పరాయివాడు లాక్కుని ఏలేది. పాత ఆచార్యులు ద్వైరాజ్యమే చెడ్డదన్నారు, ఇద్దరూ కొట్టుకుని పోతారని. వైరాజ్యం ఏలేవాడు జనం మనసు చూసుకోక తప్పదు కాబట్టి అదే నయమట. కౌటిల్యుడు ఒప్పుకోలేదు. తండ్రీకొడుకులో అన్నదమ్ములో కలిసి ఏలితే ఇద్దరి మేలూ ఒకటే, మంత్రులు సర్దగలరు. లాక్కున్నవాడికి మాత్రం ఆ నేల తనది అనిపించదు. అందుకని పిండుతాడు, సొత్తు తరలిస్తాడు, అమ్మకానికి పెడతాడు. జనం విరిగితే వదిలేసి పోతాడు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ అయిన మాలాంటోళ్ళకు 'పరాయి' అన్న మాట కొంచెం గుచ్చుకుంటుంది. అందుకే రెండుసార్లు చదివాను. అక్కడ భాష లెక్క, పుట్టిన ఊరి లెక్క ఏమీ లేదు. నేరమంతా తనది కాదనుకోవడంలోనే ఉంది.

తమాషా ఏమంటే, ఇంకా పాతదైన ఐతరేయ బ్రాహ్మణంలో ఇదే మాట గౌరవమైనది. హిమాలయాల అవతలి ఉత్తరకురు, ఉత్తరమద్రుల పాలన వైరాజ్యం, అభిషేకమైనవాళ్ళు విరాట్టులు. అది రాజే లేని పాలన అని కాశీప్రసాద్ జయస్వాల్ వాదించారు. 'వి' అంటే విశేషం అని చదివితే ఒకటి, లేకపోవడం అని చదివితే ఇంకొకటి.

జైనుల ఆచారాంగంలో మాత్రం ఇది భయపడాల్సిన చోటు. రాజు లేని సీమలు, ఇద్దరు రాజుల సీమలు, వైరాజ్యాలు ఉంటే భిక్షువు ఆ దారిన పోకూడదు, వేరే దారి చూసుకోవాలి. అక్కడి జనం కొత్తవాణ్ణి చూస్తే దొంగ అనో వేగులవాడు అనో పట్టుకుని కొడతారట.