జిమ్నాస్టిక్స్: నూలుపోగు లేని మాట

గ్రీకులో 'గుమ్నోస్' అంటే దిగంబరం. ప్రాచీన గ్రీకు యువకులు ఒంటికి నూనె రాసుకుని, బట్టల్లేకుండా కసరత్తు చేసిన చోటు 'గుమ్నాసియోన్'. అక్కడే తత్వచర్చలూ సాగేవి. జర్మనీలో నేటికీ 'గిమ్నాజియుమ్' అంటే బడే!

1811లో బెర్లిన్ శివారు హాసెన్‌హైడెలో ఆరుబయట కసరత్తు మైదానం తెరిచిన ఫ్రీడ్రిఖ్ యాన్‌కి 'జిమ్నాస్టిక్స్' అనే పరాయి మాట రుచించలేదు. అచ్చ జర్మన్ అనుకుని 'టుర్నెన్' అన్నాడు. తీరా దాని మూలం లాటిన్‌లో తరిమెన పట్టడం; ఇంకా వెనక్కి వెళ్తే గ్రీకే! నాకీ మలుపంటే ఎంత ఇష్టమో.

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌తో ఆట పుట్టింటికి చేరింది. మహిళలకు మాత్రం 1928 దాకా చోటివ్వకపోవడం బాధాకరం. 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి కాంస్యం గెలిచింది.