మోకు, ముస్తాదు, కత్తి: తెలుగు నేలపై కల్లుగీత వృత్తి

తాటి, ఈత చెట్ల నుంచి కల్లు దించే వృత్తిని తెలుగులో కల్లుగీత అంటారు. గీయడమంటే పదునైన కత్తితో పలుచగా చెక్కడం. ఎక్కడ ఎంత మందాన చెక్కితే రసం ఊరుతుందో, ఎక్కడ కత్తి కాస్త లోతుకు దిగితే చెట్టుకే ముప్పు వస్తుందో తెలిసి చేయవలసిన పని కనుక ఆ క్రియే వృత్తికి పేరై నిలిచింది. తెలంగాణలో గౌడులు, రాయలసీమలో ఈడిగలు, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలు, ఉత్తరాంధ్రలో యాతలు, శ్రీశయనులు తరతరాలుగా ఈ వృత్తి మీద ఆధారపడి బతికారు. అయినా ఈ వృత్తి గురించి ఇప్పటిదాకా రాసిన చరిత్ర చాలావరకు సుంకాల చరిత్ర, లేదా మద్యనిషేధ చరిత్ర. ఖజానాకు వచ్చిన ఆబ్కారీ ఆదాయం, అంటే మత్తు పానీయాల మీద వసూలైన పన్ను, ఏటేటా లెక్కలకెక్కింది గాని, ఆ కల్లు దించడానికి మనిషి ఏ తాడును నమ్ముకుని పైకి వెళ్ళాడో పట్టించుకున్న రాతలు తక్కువ. ఆ తాడు పేరు మోకు. ఈ వృత్తి చరిత్రను మోకు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

మోకు అనేది గీత కార్మికుడి నడుమునూ చెట్టు మొదలునూ కలిపి చుట్టే లావాటి పట్టె. ప్రాంతాన్ని బట్టి దాన్ని నారతోనో తోలుతోనో పేనేవారు. రెండు పాదాలను దగ్గరగా పట్టి ఉంచే చిన్న ఉచ్చును తెలంగాణలో గుజి అంటారు. కత్తులు, లొట్టి అనే కల్లు కుండ వేలాడదీసుకునే నడికట్టుకు ముస్తాదు అని పేరు, కొన్నిచోట్ల దీన్నే ముత్తాదు అని పలుకుతారు. ఎక్కే పద్ధతి చూడడానికి సులువుగా కనిపిస్తుంది గాని అందులో కాలం తీర్చిదిద్దిన లెక్క ఒకటి ఉంది. ఒంటి బరువును వెనక్కి వేసినప్పుడు మోకు బిగిసి చెట్టు గరుకు బెరడును పట్టుకుంటుంది, పాదాలు ముందుకు తన్నుకుని నిలుస్తాయి. ఒంటిని చెట్టువైపు వంచిన క్షణంలో మోకు వదులవుతుంది, ఆ క్షణంలోనే రెండు చేతులతో దాన్ని మూరెడు పైకి ఎగరవేసి, మళ్ళీ వెనక్కి వాలి, గుజితో పాదాలను పైకి లాక్కోవాలి. భయపడి చెట్టును కౌగిలించుకున్నవాడు జారతాడు. ధైర్యంగా వెనక్కి వాలినవాడే నిలుస్తాడు. కొత్తగా నేర్చుకునే కుర్రవాడికి అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే, ఎందుకంటే ఒంటికి సహజంగా తోచేదానికి ఇది పూర్తిగా ఎదురు.

తాటిచెట్టు ఇరవై, ముప్పై మీటర్ల దాకా పెరగగలదు, దాని మొదలుకు కొమ్మలు ఉండవు. అందువల్ల చెట్టు ఎక్కే మిగతా పనులన్నింటిలో దొరికే ఆసరా ఇక్కడ దొరకదు. కొమ్మల చెట్లను నరికి చక్కదిద్దేవారు ఒక కొమ్మ నుంచి మరొక కొమ్మకు తాడు మార్చుకోగలిగితే, గీత కార్మికుడికి నేల నుంచి మట్టల దాకా మోకు తప్ప మరో పట్టు లేదు. పైకి చేరిన తరువాత ఎండుమట్టలను నరికి దారి చేసుకుని, గెలల దగ్గర ఒక చేయి ఖాళీ అయ్యేలా ఒంటిని కుదురుగా నిలుపుకోవాలి. గెల అంటే ఇంకా పూర్తిగా విచ్చుకోని పూగుత్తి. దాన్ని కట్టి, నొక్కి, మెత్తబరిచి, కొనను రోజూ పలుచగా గీస్తూ పోతే కొన్ని రోజులకు రసం కారడం మొదలవుతుంది. పోతుతాడు అంటే మగచెట్టు నుంచి, ఆడచెట్టు లేత గెలల నుంచి, కాయ పట్టిన గెలల నుంచి వేర్వేరు కాలాల్లో కల్లు తీస్తారు. ఈ మూడింటికీ తెలంగాణ పల్లెల్లో పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని వేర్వేరు పేర్లున్నాయి. ఈతచెట్టు సంగతి వేరు: అక్కడ గెలను కాదు, కొన చిగురైన మొవ్వు కింది భాగంలో మొదలునే గీస్తారు. ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు దానికి ఎదురువైపు గీయడం వల్ల ముదిరిన ఈతచెట్టు మొదలు మీద మెట్లలాంటి గంట్లు ఏర్పడతాయి, ఆ చెట్టును ఎన్నేళ్ళు గీశారో వాటిని లెక్కపెట్టి చెప్పవచ్చు.

గీతకత్తి వంపు, పలుచన, పదును మూడూ ముఖ్యమే. మొద్దుబారిన కత్తి గెలను కోయదు, నలుపుతుంది. నలిగిన చోట రసనాళాలు మూసుకుపోయి ధార తగ్గుతుంది. కాబట్టి రోజులో కొంత సమయం కత్తి నూరడానికే పోతుంది. చెట్టు తీరు కూడా కార్మికుడి సమయాన్ని శాసిస్తుంది. గీసిన గాయం ఎండిపోతే రసం ఆగిపోతుంది, అందుకే పొద్దునా సాయంత్రమూ, కొన్ని చెట్లకు మధ్యాహ్నం కూడా, తప్పకుండా పైకి వెళ్ళి పొర తీయాలి. దిగిన రసం గాలిలోని ఈస్టు వల్ల గంటల్లోనే పులవడం మొదలుపెడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా తియ్యగా ఉంటుంది, దాన్నే నీరా అంటారు. పదిహేను మీటర్ల ఎత్తున్న పది చెట్లను రోజుకు రెండుసార్లు ఎక్కే మనిషి మూడు వందల మీటర్లు ఎక్కి, మూడు వందల మీటర్లు దిగినట్టు. జ్వరమొచ్చినా, రాత్రి కురిసిన వానకు బెరడు నానినా, ఈ రోజుకు మానేద్దామనే వీలు ఉండదు, మానితే చెట్టే మానేస్తుంది. గీత వృత్తిలో ప్రమాదాలకు మూలం కార్మికుడి అజాగ్రత్త అని తేలికగా అనేవారు ఈ సంగతిని మరచిపోతారు.

గీత కార్మికుడు చెట్టు నుంచి తీసుకునేవాడు మాత్రమే కాదు, దాన్ని సాకేవాడు కూడా. ఎండుమట్టలను కొట్టివేయడం, మొవ్వును తొలిచే కొమ్ముపురుగు జాడను అందరికంటే ముందు పసిగట్టడం, అలసిన చెట్టును ఆ ఏడు గీయకుండా వదలడం అతని పనిలో భాగాలే. తాటి మొలక పన్నెండేళ్ళకో, పదిహేనేళ్ళకో గాని పూతకు రాదు, అప్పటిదాకా అది పోతో పెంటో తెలియదు. అందుచేత ఈనాటి కల్లు ఎప్పుడూ ముందటి తరం వదిలిపెట్టిన చెట్టుదే. తాటివనంలో నిలిపిన గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు, ఊరి ఎల్లమ్మకు మొక్కి, కత్తినీ మోకునూ పూజించి చెట్టెక్కే ఆచారం ఇలాంటి బతుకులోంచి వచ్చింది. దానిని మూఢనమ్మకంగా కొట్టివేయడం సరికాదు. ఎక్కేముందు మోకును చేతిలోకి తీసుకుని పురిపురినీ తడిమి చూసే అలవాటు ఆ పూజలో కలిసే ఉంది.

ఈ వృత్తిలో పుట్టిన మనిషి పేరు రాజ్య చరిత్రల్లోకి ఎక్కిన సందర్భం ఒకటుంది. నేటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో కోట కట్టుకున్న సర్వాయి పాపన్న 1708లో వరంగల్ మీద దాడి చేసి, 1710లో మొగలు అధికారుల చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతన్ని దోపిడీగాడిగా చిత్రిస్తే, జనం కథాగానాల్లో అతడు వీరుడు; ఆ గానాల్లో ఒకదాన్ని 1874 నాటికే ఒక ఇంగ్లీషు అధికారి అచ్చులోకి తెచ్చాడు. కులవృత్తి చేసుకోమని తల్లి చెప్పడం, కొడుకు ఆ బతుకును కాదనుకుని కత్తి పట్టడం పాపన్న కథలో కనిపించే ఘట్టం. గీతకత్తి వదిలి యుద్ధపు కత్తి పట్టినప్పుడే ఒక గీత కార్మికుడు దర్బారు రాతల్లో కనిపించాడన్నది గమనించవలసిన విషయం.

పందొమ్మిదో శతాబ్దంలో రాజ్యం చెట్టు దగ్గరికే వచ్చింది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ప్రధాన ఆదాయ వనరుల్లో ఒకటి. మద్రాసు రాష్ట్రంలో 1886 ఆబ్కారీ చట్టం గీతనూ అమ్మకాన్నీ లైసెన్సు కిందికి తెచ్చింది. గీసే చెట్టుకు నంబరు వేసి, చెట్టు చెట్టుకూ పన్ను కట్టించుకునే పద్ధతి స్థిరపడింది. ఆ పన్నును తెలంగాణలో రకం అనేవారు. దుకాణాలను వేలంలో పాడుకున్న కాంట్రాక్టర్లకూ సర్కారుకూ మధ్య చెట్టెక్కే మనిషి కూలివాడుగా మిగిలాడు. తాటివనంలో ఏ చెట్టు నంబరు ఎంతో చెప్పగల దస్తావేజులు ఉండేవి, కాని ఆ ఏడు ఆ వనంలో ఎందరు పడిపోయారో చెప్పే పుస్తకం ఉండేది కాదు.

మద్యనిషేధం ఇంకో రకమైన దెబ్బ. 1937లో సేలం జిల్లాతో మొదలైన నిషేధం మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. తాగేవాడి ఇల్లు బాగుపడాలన్న ఆశయం మంచిదే. కాని గీసేవాడికి బదులు పని చూపకుండా చెట్టు ఎక్కవద్దనడంతో ఆంధ్ర ప్రాంతపు గీత కుటుంబాలు బతుకుతెరువు కోల్పోయాయి, చాటుగా గీసినవారు నేరస్థులయ్యారు. శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత సత్యాగ్రహం నడిచింది. మద్రాసు నుంచి వేరుపడిన ఆంధ్ర రాష్ట్రంలో, నిషేధం మీద ప్రభుత్వం వేసిన రామమూర్తి సంఘం దాన్ని ఎత్తివేయాలని సూచించింది. చివరికి 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ సమస్య మీదే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. తెలుగు రాజకీయాల్లో గీత కార్మికుల మాటకు అంత బరువు వచ్చిన రోజు మరొకటి లేదు.

హైదరాబాదు రాజ్యంలో అలాంటి నిషేధం లేదు గనుక అక్కడి పోరాటం కాంట్రాక్టరు మీదికి తిరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న సూర్యాపేట నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికుల సంఘాన్ని కట్టి, వేలంపాటలు పోయి చెట్లు గీసేవారి సహకార సంఘాలకే దక్కాలని జీవితకాలం కొట్లాడాడు. సహకార సంఘాలు, ఆ తరువాత ఒక్కొక్క కార్మికుడికి నేరుగా లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ పద్ధతి, అంటే గీసేవాడికే చెట్టు అనే ఏర్పాటు, ఈ ఒత్తిడి వల్ల వచ్చినవే. కల్లు ఎవరిది, చెట్టు ఎవరిది అన్న ప్రశ్నలకు ఇలా కొంత జవాబు దొరికింది. పడిపోయిన మనిషి సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

పడడం ఎన్ని రకాలుగా జరుగుతుందో గీత కార్మికుల మాటల్లోనే ఉంది. మోకు జారింది అంటే తడి బెరడు మీద పట్టు తప్పిందని. మోకు తెగింది అంటే అరిగిన పురి బరువు ఆపలేదని. మట్ట ఊడింది అంటే ఆసరాగా పట్టుకున్నది ఎండిపోయిన మట్ట అని. తేనెటీగలు, కందిరీగలు ముసురుకున్నప్పుడు రెండు చేతులూ మోకు మీదే ఉన్న మనిషి వాటిని తోలుకోలేడు. కాళ్ళు జారి మోకుకు తలకిందులుగా వేలాడుతూ, మరొకరు ఎక్కి దించేదాకా నేలను చూస్తూ ఉండిపోయినవారున్నారు. ప్రాణం దక్కినా వెన్నుపూస విరిగినవారి బతుకు మంచానికి అంటుకుంటుంది, ఇంటి భారం కల్లు అమ్ముకునే భార్య మీద పడుతుంది. దీర్ఘకాలపు ఉద్యమాల తరువాత మరణానికీ శాశ్వత వైకల్యానికీ పరిహారం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. తెలంగాణలో ఆ మొత్తం ఐదు లక్షల రూపాయలకు చేరింది, చెట్ల రకం కూడా రద్దయింది. అయితే పరిహారం పడిన తరువాతి మాట. పడకుండా చూసే మాట దానికి ఎంతో ఆలస్యంగా వచ్చింది.

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడ తాటివనంలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే పరికరాల సంచిని గీత కార్మికులకు అందించడం మొదలుపెట్టింది. పర్వతారోహకులు వాడే తాళ్ళు, నడుముకూ తొడలకూ వేసే పట్టీలు, కొక్కేలు అందులో ఉన్నాయి. దాని సూత్రం పాత మోకుకు పరాయిది కాదు: చెట్టు చుట్టూ బిగిసే పట్టె, ఒంటి బరువుతోనే గట్టిపడే ముడి. తేడా అల్లా పాదం జారినా, చేయి వదిలినా మనిషి చెట్టును అంటిపెట్టుకునే ఉండడంలో ఉంది. వెనక్కి వాలే ధైర్యం మీద నిలబడిన విద్యకు, ధైర్యం సడలిన క్షణంలో కూడా కాపాడే రెండో పట్టు దొరికింది. కవచానికి కాటమయ్య పేరు పెట్టడం గీత కార్మికులకు పరిచితమైన నమ్మకాన్ని గౌరవించడమే గాక, ఎక్కేముందు ప్రతి ముడినీ తడిమి చూసే పాత అలవాటును కొత్త తాడుకు అప్పగించడం కూడా.

ఈ మార్పు వచ్చిన కాలంలోనే గీసే చేతులు తగ్గుతున్నాయి. గీత కార్మికుల పిల్లలు చదువులకూ పట్నాలకూ వెళ్ళారు, పొలాల గట్ల మీది తాటిచెట్లు ఇటుక బట్టీలకు, ఇళ్ళ స్థలాలకు బలయ్యాయి. సంఘాలకు ఐదెకరాల చొప్పున భూమి ఇచ్చి తాటి, ఈత వనాలు పెంచాలన్న కోరిక ఉద్యమాల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. కవచం అందిన ఏడాది నాటిన తాటిగింజ ఏ 2039లోనో తొలి గెల వేస్తుంది. ఆ గెల దగ్గరికి ఎక్కే కుర్రవాడికి ఆ చెట్టు పోతో పెంటో అప్పుడే తెలుస్తుంది.