కొత్త కెమెరా, పాత కిటికీ: బుల్లెట్ ఊరివాళ్ళ కోసం ఒక చరిత్ర



తిరువొత్తియూరులో ఉంటూ బుల్లెట్ చప్పుడు గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో చేతులు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టారు. ఫ్యాక్టరీ మన ఊళ్ళో వెలిసింది. తర్వాత పదిహేనేళ్ళకు ఇంగ్లండులో తల్లి కంపెనీ మూతపడింది, ఇక్కడి పిల్ల కంపెనీ మాత్రం బతికింది. 1977 నుంచి అదే బండిని తిరిగి ఇంగ్లండుకే అమ్మింది కూడా. ఒక పాత యంత్రాన్ని కొత్త కాలంలోకి తీసుకుపోవాలంటే అందులో ఏది ఉంచాలి, ఏది వదలాలి? ఈ ప్రశ్న మన ఊరివాళ్ళకు కొత్త కాదు. ఇదే ప్రశ్న 2006లో జర్మనీలో ఒక కెమెరా కంపెనీ ముందు నిలబడింది. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

కెమెరా గొడవ మనకెందుకు అనుకోకండి. మన ప్రాంతంలో స్టూడియోల మీద, పెళ్ళి ఫొటోల మీద బతికిన కుటుంబాలు ఉన్నాయి. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చినప్పుడు దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నారు. ఇప్పటికీ అప్పు చేసి లక్షలు పోసి కెమెరా కొనే పిల్లలున్నారు. స్టాలులో పది నిమిషాలు చేత్తో పట్టుకుని చూసింది ఎంతవరకు నమ్మాలి అన్నది వాళ్ళ తిండికి సంబంధించిన మాట.

ముందు రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో చూద్దాం. మనకు రెండు కళ్ళున్నాయి కాబట్టే వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఈ కెమెరాకూ ముందువైపు రెండు కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లోంచి దృశ్యం మామూలుగా కనిపిస్తుంది. రెండోదాంట్లోంచి వచ్చే బొమ్మ దాని మధ్యలో చిన్న మచ్చలా పడుతుంది. లెన్సు తిప్పుతుంటే ఆ మచ్చలోని బొమ్మ జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయంటే ఫోకస్ కుదిరినట్టే.

మనకు ఎక్కువగా తెలిసిన ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సు వెనక అద్దం ఉంటుంది. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, కంటిముందు ఒక్క క్షణం చీకటి. వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకునే ఆ క్షణాన్ని ఫొటో తీసినవాడే చూడలేడన్నమాట! రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు, చీకటీ లేదు. పైగా ఫొటోలో ఎంత పడుతుందో గీతలు చూపిస్తాయి, ఆ గీతల బయట ఉన్నదీ కనిపిస్తుంది. తలంబ్రాల దోసిలి గీతల్లోకి రాకముందే కంటికి అందుతుంది.

ఈ తరహా కెమెరాకు పెద్ద పేరు లైకా. 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో మొదటి లైకాను జనం ముందు పెట్టారు. దాన్ని తయారుచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్మునే చిన్న కెమెరాలో వాడాడు. 1932లో వచ్చిన లైకా 2లో రేంజ్‌ఫైండర్‌ను లెన్సుతో కలిపేశారు. 1954లో కొలోన్ నగరంలో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో ఎం3 వచ్చింది. ఆ రోజు దాని ముందు పెట్టిన లెన్సు బిగింపే ఇప్పటికీ ఎం కెమెరాల మీద ఉంది.

ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ అన్రీ కార్టియే బ్రెసాన్ మన దేశంలో తిరిగింది లైకాతోనే. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు కొద్దిసేపటి ముందు ఆయన్ను కలిశాడు. 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి చివరి రోజుల్లో తిరువణ్ణామలైలో ఉండి ఫొటోలు తీశాడు. చిన్న కెమెరా, చప్పుడు తక్కువ. ఎదుటివాళ్ళకు అడ్డం రాకపోవడమే దాని బలం.

అయితే 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక గాలి ఎస్‌ఎల్‌ఆర్ వైపు తిరిగింది. దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే పెద్ద లెన్సులకు, మరీ దగ్గర నుంచి తీసే ఫొటోలకు రేంజ్‌ఫైండర్ పనికిరాదు. జపాను కంపెనీలు ఒక్కొక్కటే అటు మళ్ళాయి. లైకా మాత్రం పాత దారి వదల్లేదు. డిజిటల్ వచ్చాక ఆ పట్టుదల ప్రాణం మీదికి తెచ్చింది. 2005లో బ్యాంకులు అప్పు వెనక్కి తీసుకునేదాకా వెళ్ళింది పరిస్థితి.

మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్‌ను 2004లో తెచ్చింది లైకా కాదు, జపానుకు చెందిన ఎప్సన్. మనకు ప్రింటర్ల పేరుతో తెలిసిన కంపెనీయే. కోసినా వాళ్ళ ఫిల్ము కెమెరా ఒళ్ళు తీసుకుని, అందులో 61 లక్షల పిక్సెళ్ళ సెన్సార్ పెట్టి ఆర్-డీ1 అన్నారు. జరపాల్సిన ఫిల్ము లేకపోయినా ప్రతి ఫొటోకూ ముందు బొటనవేలితో మీట తోయాలి. అది సోకు కాదు. లోపలి షట్టర్ స్ప్రింగు బిగించడానికి ఆ మీట నిజంగానే కావాలి.

రెండేళ్ళ తర్వాత, 2006 సెప్టెంబరులో, లైకా తన ఎం8తో ఫొటోకినాకు వచ్చింది. అంతకాలం ఎదురుచూసినవాళ్ళకు అక్కడ చేతికి తగిలినవి ఏమిటి? పాత ఎం కంటే కెమెరా కొద్దిగా లావు. ఫిల్ము తిప్పే మీట లేదు. గుడ్డ పరదా షట్టర్ స్థానంలో లోహపు రేకుల షట్టర్, సెకనులో 8,000వ వంతు దాకా పోయే వేగం. కానీ మీట నొక్కాక లోపలి మోటారు తిరిగే చప్పుడు వినిపిస్తుంది. సెన్సార్‌లో కోటీ మూడు లక్షల పిక్సెళ్ళు. సైజు 27×18 మిల్లీమీటర్లు, అంటే ఫిల్ము గడి 36×24 కంటే చిన్నది. అందుకని పాత లెన్సులన్నీ కాస్త దగ్గరగా చూపిస్తాయి.

ఒక వింత కూడా ఉంది. కార్డు, బ్యాటరీ తీయాలంటే కెమెరా అడుగు రేకు మొత్తం ఊడదీయాలి. ఒకప్పుడు ఫిల్ము ఎక్కించడానికి పెట్టిన పద్ధతి అది. ఫిల్ము పోయినా పద్ధతి మిగిలింది.

కన్ను పెట్టి చూస్తే మాత్రం అదే పాత కిటికీ, అవే గీతలు, అదే మచ్చ. 1954 నాటి లెన్సు తెచ్చి బిగించినా కూర్చుంటుంది. ప్రేమికులకు అంతకంటే ఏం కావాలి? అమెరికాలో ధర 4,795 డాలర్లు, అప్పటి లెక్కలో మన డబ్బు రెండు లక్షల పైమాటే. అయినా కొన్నారు.

అసలు సంగతి కెమెరాలు ఇళ్ళకు చేరాక బయటపడింది. కొన్ని ఫొటోల్లో నల్ల బట్టలు ఊదారంగులో వస్తున్నాయి. నూలు కాదు, ముఖ్యంగా సింథటిక్ నలుపు. పసుపు బల్బుల వెలుతురులో ఇంకా ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే, రిసెప్షన్‌లో హాలోజన్ లైటు కింద నిలబడ్డ పెళ్ళికొడుకు నల్ల పాలియెస్టర్ కోటు వంకాయ రంగుకు తిరుగుతుందన్నమాట.

కారణం తెలుసుకోవలసినది. ఆ గుడ్డలు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడతాయి. డిజిటల్ సెన్సార్ ఆ కాంతిని చూడగలదు. అందుకే కంపెనీలు సెన్సార్ మీద దాన్ని ఆపే గాజు పలక పెడతాయి. ఎం కెమెరాలో లెన్సు బిగింపు నుంచి ఫిల్ము ఉండే చోటికి దూరం 27.8 మిల్లీమీటర్లే. నికాన్ ఎస్‌ఎల్‌ఆర్‌లో అది 46.5. లెన్సు అంత దగ్గరగా ఉంటే అంచుల్లో వెలుతురు బాగా వాలుగా పడుతుంది. మందపాటి గాజు పెడితే ఆ అంచుల్లో బొమ్మ చెడుతుంది. పాత లెన్సులు చక్కగా పనిచేయాలని లైకా గాజును పల్చగా పెట్టింది. పల్చని గాజు పరారుణాన్ని పూర్తిగా ఆపలేకపోయింది.

ఇందులో నిర్లక్ష్యం ఎంతో చెప్పలేం గానీ, విధేయత మాత్రం ఉంది. పాతదానికి పూర్తిగా కట్టుబడినందువల్లే కొత్త జబ్బు వచ్చింది. చివరికి కంపెనీ కొన్నవాళ్ళకు లెన్సు ముందు పెట్టుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చింది.

2009లో ఎం9 వచ్చింది. సెన్సార్ ఫిల్ము గడి అంత పెద్దదయింది, గాజు మందం పెరిగింది, నలుపు నలుపుగా నిలబడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఏళ్ళు గడిచాక ఆ గాజు పలకే కొన్ని కెమెరాల్లో తుప్పులాంటి మచ్చలు పట్టడం మొదలైంది. 2014లో లైకా ఆ సెన్సార్లు ఉచితంగా మార్చిస్తామని చెప్పాల్సి వచ్చింది. ఎం8 లోపం కొద్ది వారాల్లో కనిపిస్తే, ఎం9 లోపానికి ఏళ్ళు పట్టింది. ప్రదర్శన రోజున రెండూ నిగనిగలాడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మన బుల్లెట్ దగ్గరికి వద్దాం. ఒకప్పుడు గేరు కుడికాలి కింద ఉండేది. ఎడమకు మార్చినప్పుడు పాతవాళ్ళు గొణిగారు. 2010 ప్రాంతంలో పోత ఇనుము ఇంజను పోయి, ఇంజనూ గేరుపెట్టే ఒకటే ముక్కగా ఉన్న కొత్త ఇంజను వచ్చింది. ‘ఆ దడదడ లేదు, ఇక అది బుల్లెట్టే కాదు’ అన్నారు. కానీ నూనె కారడం తగ్గింది, దారిలో ఆగిపోవడం తగ్గింది, బండి ఊరూరా పాకింది. కుడికాలి గేరు అలవాటు. నిటారుగా కూర్చుని నిదానంగా పోయే ఆ నడక ప్రాణం. అలవాటు పోయినా బండి బతికింది. ప్రాణం తీసేసి ఉంటే మిగిలేది పేరు మాత్రమే.

రేంజ్‌ఫైండర్‌లోనూ ఇంతే. అడుగు రేకు అలవాటు. చీకటి పడని కిటికీ ప్రాణం. ఈ తేడా లైకాకు కూడా వెంటనే తెగలేదు. 2018లో వెనక తెర లేని ఎం10-డీ అనే డిజిటల్ కెమెరా తెచ్చి, దానికి ఫిల్ము తిప్పే మీట లాంటిదొకటి పెట్టారు. అది దేన్నీ తిప్పదు, బొటనవేలికి ఆనుడు మాత్రమే! ఎప్సన్ మీట పని కోసం, ఈ మీట జ్ఞాపకం కోసం. తప్పని అనను, కానీ డబ్బు పెట్టేవాడికి ఆ తేడా తెలిసి ఉండాలి. 2022లో వచ్చిన ఎం11కు ఆ అడుగు రేకు తీసేశారు. కిటికీ మాత్రం అలాగే ఉంది.

1950లో మొదలైన ఫొటోకినా కూడా ఇప్పుడు లేదు. చివరిసారి జరిగింది 2018లో. కరోనా ఏడాది రద్దయి, మళ్ళీ తెరుచుకోలేదు. అక్కడ మొదటి చూపులో పుట్టిన పొగడ్తలూ పోయాయి. మిగిలింది ఆ కెమెరాలతో తీసిన ఫొటోలే.

మన పిల్లలు కొత్త కెమెరా కొంటామంటే పెద్దలుగా అడ్డం పడకండి. ఒక్క మాట మాత్రం చెప్పండి. స్టాలు దీపాల కింద చూసినది కంపెనీవాడు చూపించదలచుకున్నది. కొనేముందు ఒక్కరోజు అద్దెకు తీసుకుని మన కల్యాణ మండపంలో, మన లైట్ల కింద, మన పట్టుచీర మీద, మన నల్లకోటు మీద తీసి చూడమనండి. ఇంట్లో పాత లెన్సులుంటే తూకానికి వేసేముందు ఏ బిగింపువో కనుక్కోండి. డెబ్బై ఏళ్ళ లెన్సు కొత్త కెమెరాకు పనికొస్తున్న కాలం ఇది.

పాతదంతా బంగారమని కాదు, కొత్తదంతా మెరుపని కాదు. ఏది ప్రాణమో ఏది అలవాటో వాడుకలోనే తెలుస్తుంది. మన ఊళ్ళో బుల్లెట్ బిగించిన చేతులకు ఈ సంగతి ముందే తెలుసు.