కొట్టములో పుట్టిన వేగము

జమ్‌షెడ్‌పురము పేరు వినగానే మనస్సునకు మొదట తోచునది ఉక్కు. 1907లో స్థాపితమైన టాటా కంపెనీ, సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునకు చేరువలో సాక్చీ పల్లె యొద్ద నిర్మించిన కర్మాగారము నుండి 1912 ఫిబ్రవరి 16వ తేదీన తొలి ఉక్కు దిమ్మ వెలువడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆ కర్మాగారము సరఫరా చేసిన రైలు పట్టాలకు గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జమ్‌షెట్‌జీ టాటా పేరు పెట్టెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల నుండి బ్రతుకుతెరువు కోరి అచటికి చేరిన తెలుగు కుటుంబములెన్నో కలవు. కొలిమి వెలుగు, సైరను కూత ఆ కుటుంబముల పిల్లలకు ఉగ్గుపాలతో అలవడినవి.

అదే పట్టణమున కేంద్ర ప్రభుత్వమునకు చెందిన జాతీయ లోహ పరిశోధనాలయము గూడ కలదు. 1946 నవంబరు 21వ తేదీన రాజగోపాలాచారిగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1950 నవంబరు 26వ తేదీన నెహ్రూ పండితుడు దానిని ప్రారంభించెను. లోహమును ఎట్లు తయారుచేయవలెనన్నది మాత్రమే అచటి ప్రశ్న కాదు. లోహము ఎందుకు విరుగును, ఎప్పుడు విరుగును అన్నదియు అచటి ప్రశ్నయే. వేడిమిలో భారము మోయుచు లోహపు కడ్డీ ఏండ్ల తరబడి వెంట్రుకవాసి చొప్పున సాగిపోవు తీరును అచటి పరిశోధకులు ఓపికతో కొలిచెదరు. విరిగిన ముక్క వారి దృష్టిలో చెత్త కాదు; అది ఒక సాక్షి.

పెద్ద భవనములు, ఖరీదైన పరికరములు, పట్టభద్రులు గల చోట ఇట్టి పని సాగుట ఆశ్చర్యము కాదు. ఇవేవియు లేక, పాత డబ్బాలు, ఆకురాయి, కొలిమి తోడుగా ఒంటరి మనిషి ఇంటి కొట్టములో నలువది ఏండ్లు ఇదే ప్రశ్నను వెంటాడిన చరిత్ర యొకటి కలదు. అది దక్షిణార్ధగోళమున న్యూజీలాండు దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ అను పట్టణమున జరిగినది. ఆ మనిషి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. లోకము ఆతనిని బర్ట్ మన్రో అని పిలిచెను.

మన్రో 1899 మార్చి 25వ తేదీన జన్మించి, వ్యవసాయ కుటుంబమున పెరిగెను. ఇంజనీరింగు కళాశాల గడప ఎక్కినవాడు కాడు. 1920లో ఆతడు ఒక మోటారు సైకిలు కొనెను. దాని పేరు ఇండియన్ స్కౌట్. ఈ పేరు చూచి అది మన దేశపు సరుకని భ్రమపడరాదు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ నగరములో తయారైన ఆ వాహనమునకు అచటి ఆదివాసుల పేరు పెట్టిరి. దానిని రూపొందించినవాడు ఐర్లండు దేశస్థుడైన చార్లెస్ ఫ్రాంక్లిన్. రెండు సిలిండర్లు ఆంగ్లాక్షరము 'వి' ఆకారమున అమరిన 600 ఘన సెంటీమీటర్ల ఇంజను అది. దాని గరిష్ఠ వేగము గంటకు 55 మైళ్ళు, అనగా సుమారు 88 కిలోమీటర్లు. ఆ కాలమునకు అది మంచి వేగమే. మన్రోకు మాత్రము అది చాలలేదు. 1926లో ఆతడు దానిని విప్పి మార్పులు చేయనారంభించెను. ఆ పని 1960ల చివరి వరకు సాగినది.

ఇంజను శక్తిని పెంచుట యనగా ఏమి? సామాన్య పాఠకునికి సైతము బోధపడునట్లు చెప్పవచ్చును. పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని సిలిండరులోనికి పీల్చి, దానిని నొక్కి, నిప్పురవ్వతో మండించి, ఆ పేలుడు ఒత్తిడితో పిస్టనును నెట్టుటయే ఇంజను చేయు పని. ఎక్కువ గాలి పీల్చినను, దానిని గట్టిగా నొక్కి మండించినను, నిమిషమునకు ఎక్కువ మారులు తిరిగినను శక్తి పెరుగును. స్కౌటు ఇంజనులో గాలిని లోనికి విడుచు కవాటములు సిలిండరు ప్రక్కన ఉండెడివి. గాలి వంకర దారిన ప్రవేశింపవలసివచ్చెడిది. మంట గది విశాలమగుటచే గట్టిగా నొక్కుటయు వీలుపడెడిది కాదు. మన్రో ఆ ఏర్పాటును తొలగించి, కవాటములు సిలిండరు నెత్తిన ఉండునట్లు ఇంజను పైభాగమును తానే క్రొత్తగా నిర్మించెను. కాలక్రమమున సిలిండర్లను పెద్దవి చేసి, 600 ఘన సెంటీమీటర్ల ఇంజనును 950 వరకు తెచ్చెను.

అయితే యంత్రములో ఒక బలహీనతను తొలగించినచో మరియొక బలహీనత బయటపడును. ఎక్కువ గాలి మండినచో ఎక్కువ వేడిమి; ఆ వేడిమికి పిస్టను కరగును. పిస్టనును గట్టిపరచినచో, దానిని తిరుగుడు ఇరుసుతో కలుపు కనెక్టింగు రాడ్డు తెగును. ఇంజను రెట్టింపు వేగమున తిరిగినచో, పైకిని క్రిందికిని ఊగు భాగములపై పడు లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలగును. పిస్టను, రాడ్డు రెండును నిలిచినచో నూనె అందక బేరింగులు మాడును. 1920లో గంటకు 55 మైళ్ళ కొరకు గీసిన నమూనాలో ప్రతి భాగమును ఆ వేగమునకు తగినంత బలముతోనే చేసిరి. ఆ కొలత దాటిన మీదట ప్రతి భాగమును వంతుల వారీగా విరుగుట మొదలిడినది.

విరిగిన భాగమునకు బదులు భాగము కొనుటకు మన్రో యొద్ద ధనము లేదు. ధనమున్నను, ఆతనికి కావలసిన భాగము ఏ దుకాణములోను దొరకునది కాదు. కావున తానే చేసికొనెను. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోసెను. సిలిండర్లు, ఫ్లైవీళ్ళు, కవాటములను నడపు భాగములు, నూనె అందించు ఏర్పాటు, అన్నియు స్వహస్తములతో తయారుచేసికొనెను. కేటర్‌పిల్లర్ ట్రాక్టరు ఇరుసు ఉక్కును చెక్కి కనెక్టింగు రాడ్లు చేసెను. సూక్ష్మమైన కొలతలకు మైక్రోమీటరు బదులు చక్రపు పుల్ల ముక్కను వాడెనని చెప్పుదురు. పగలు మోటారు సైకిళ్ళు అమ్ము ఉద్యోగము. రాత్రి తెల్లవారుజాము వరకు కొట్టములో పని. ఎన్నో దినములు నిద్ర లేకయే మరల ఉద్యోగమునకు పోయెడివాడు. 1936 నాటి వెలోసెట్ అను మరియొక మోటారు సైకిలును గూడ ఇట్లే సాధన చేసెను.

ఆతని కొట్టములో ఒక అలమారు ఉండెడిది. పగిలిన పిస్టన్లు, తెగిన రాడ్లు, మాడిన భాగములు అందులో వరుసగా నిలిచియుండెడివి. వాటికి మన్రో పెట్టిన పేరు వేగదేవతకు అర్పణములు. ఇది హాస్యమే. కాని ఆ హాస్యము వెనుక ఒక పద్ధతి కలదు. మనుష్యుడు సాధారణముగా తన ఓటమిని దాచుకొనును. ఈతడు ఓటములను కంటి యెదుట నిలుపుకొనెను. విరిగిన చోట గీత ఎటు పోయినది, ఎచట వేడి ఎక్కినది, ఎచట లోహము పలుచనైనది అని చూచి తరువాతి ముక్కను చేసెడివాడు. జమ్‌షెడ్‌పురపు పరిశోధనాలయములో సూక్ష్మదర్శినితో చేయు పనికిని, ఈ కొట్టములో కంటితోను వ్రేలితోను చేసిన పనికిని సాధనములలో భేదమే కాని ప్రశ్నలో భేదము లేదు.

ఈ సాధనకు మన్రో చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. వివాహబంధము తెగిపోయినది. 1940ల చివర ఉద్యోగమును విడిచి, యంత్రములున్న కొట్టమునే నివాసముగా చేసికొనెను. కుటుంబము గలవానికి ఈ జీవితము ఆదర్శమని ఎవరును చెప్పజాలరు. ఒక పనికి సర్వస్వము నొసగినవాడు మిగిలిన పనులకు ఏమి మిగిల్చెనన్న ప్రశ్న ఇట్టి చరిత్రలన్నిటి యందును ఉండును. దానిని దాచిన చరిత్ర సగము చరిత్రయే.

వేగమునకు పరీక్షాస్థలము అమెరికాలోని యూటా రాష్ట్రమున బొన్‌విల్ ఉప్పు మైదానము. చరిత్రపూర్వ కాలమున అచట నిలిచిన మహాసరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు, బల్లపరుపుగా మైళ్ళ కొలది వ్యాపించియున్నది. మన్రో పది మారులు అచటికి ప్రయాణము చేసెను. మొదటి మారు చూచి వచ్చుటకే. మిగిలిన తొమ్మిది మారులు పోటీకి. ఇచట మరియొక లెక్క గలదు. వాహన వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. 55 మైళ్ళ వాహనము అదే ఆకారముతో 184 మైళ్ళు పోవలెనన్నచో సుమారు 37 రెట్ల శక్తి కావలెను. ఏ కొట్టములోను అంత శక్తి పుట్టదు. కావుననే మన్రో ఇంజనును బలపరచుటతోపాటు, వాహనమంతటిని చేప వంటి తొడుగులో ఇమిడ్చి, తాను అందులో ముందునకు వాలి పడుకొని నడిపెను.

1962లో, తన 63వ ఏట, 850 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో 883 తరగతిలో గంటకు 178.95 మైళ్ళ వేగముతో రికార్డు నెలకొల్పెను. 1966లో 1000 తరగతిలో 168.07 మైళ్ళతో మరియొకటి. 1967లో, 68వ ఏట, 950 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో అదే తరగతిలో మూడవది. అర్హత పరీక్షలో ఒక దిక్కున చేసిన పరుగు 190.07 మైళ్ళకు చేరినది. యంత్రమునకు అప్పటికి 47 ఏండ్లు. తయారుచేసిన కంపెనీ స్కౌటు వంటి వాహనముల ఉత్పత్తిని 1953లోనే నిలిపివేసియుండెను.

ఆ పరుగులు నిరపాయమైనవి కావు. 1967లో ఒక పరుగున సగము దూరము దాటగానే వాహనము ఊగిపోసాగెను. వేగము తగ్గించుటకై మన్రో తొడుగులో నుండి లేచి కూర్చుండెను. గాలి తాకిడికి కంటి అద్దములు ఎగిరిపోయినవి, కన్నులు కనబడలేదు. దారి తప్పిన వాహనము ఒక ఉక్కు గుంజను అంగుళముల దూరమున దాటిపోయెను. చివరకు ఆతడే వాహనమును ప్రక్కకు పడవేసి నిలిపెను. దేహమునకు గీతలు మాత్రము పడినవి.

మన్రో 1978 జనవరి 6వ తేదీన మరణించెను. 2005లో ఆతని చరిత్ర చలనచిత్రముగా వచ్చినది. ఆంథొనీ హాప్‌కిన్స్ ఆ పాత్రను ధరించెను. ఆతని వాహనము ఇన్వర్‌కార్గిల్‌లో హేస్ వారి ఇనుప సామానుల దుకాణమున ప్రదర్శనకు ఉంచబడినది. ఆతని అర్పణములకు తగిన ఆలయము ఇనుప సామానుల దుకాణమే యనుటలో తప్పు లేదు.

దస్త్రములతో పొద్దుపుచ్చు ఉద్యోగులకు ఈ చరిత్రలోని చివరి ఘట్టము ప్రత్యేకముగా రుచించును. గాలి యొక దిక్కున సహాయపడి మరియొక దిక్కున అడ్డుపడును గనుక, రికార్డునకు రెండు దిక్కుల పరుగుల సగటును లెక్కింతురు. 1967లో మన్రో ఉత్తరపు పరుగు 184.710 మైళ్ళు, దక్షిణపు పరుగు 183.463 మైళ్ళు. ఈ రెంటిని కూడి సగము చేసినచో 184.087 అగును. అధికార పత్రములో వ్రాసినది 183.586. ఎవరో లెక్క తప్పిరి. ఆ తప్పు 47 ఏండ్లు దస్త్రములో నిలిచిపోయినది. మన్రో కుమారుడు కాగితములు చూచుచు కూడిక సరిపోలేదని గుర్తించి, సంబంధించిన సంస్థకు తెలియజేసెను. 2014లో, మన్రో మరణించిన 36 ఏండ్లకు, అమెరికా మోటారు సైకిలు సంఘము తన రికార్డును సవరించెను.

వ్యత్యాసము అర మైలు మాత్రమే. అరువది ఎనిమిదేండ్ల వృద్ధుని కీర్తి దానిచే పెరుగదు, తరుగదు. కాని వెంట్రుకవాసి తేడా వచ్చినచో పిస్టను పగులునని ఎరిగి, చక్రపు పుల్లతో కొలతలు సరిచూచుకొన్నవాని పేరు ప్రక్కన తప్పు అంకె ఉండరాదు. కొట్టములో విరిగిన ముక్కను దాచక అలమారులో నిలుపుట, కార్యాలయములో తప్పిన లెక్కను దాచక సరిదిద్దుట, ఈ రెండును ఒక్క గుణమునకే రెండు రూపములు. జమ్‌షెడ్‌పురపు కొలుముల యొద్ద పనిచేసిన మన తెలుగు పనివారికి ఈ గుణము క్రొత్త కాదు. పోత చెడినచో పగిలిన దిమ్మను ముందుంచుకొని కారణము వెదకుట వారి నిత్యకృత్యము. మన ఇండ్లలో పిల్లలు పాత గడియారమునో, పాడైన రేడియోనో విప్పి ముక్కలను వరుసగా పేర్చుకొని కూర్చున్నప్పుడు, పెద్దలు వానిని ఊడ్చి పారవేయక ముందు ఒక్క క్షణము ఆగుట మంచిది.